నేను చెప్పని మాట

ఈ నెల గోడపత్రికకు "మరచిపోలేని రోజు" అని రాయమని తెలుగు సారు చెప్పినారు. నేను రెండు రోజుల గురించి రాస్తాను. ఒకటి అందరికీ తెలిసినది. రెండోది నాకూ మా చెల్లెలికీ మాత్రమే తెలిసినది.

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బెల్ 430 హెలికాప్టరులో బయలుదేరినారు. కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, పైలట్లు భాటియా, ఎం.ఎస్. రెడ్డి ఆయనతో ఉన్నారు. మొత్తం 5 మంది. నల్లమల మీద జోరు వాన. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో సంబంధం తెగిపోయింది. విమానాలు, పోలీసులు, అడవి దారులు తెలిసిన చెంచులు అందరూ వెదికినారు. మరునాడు ఉదయం పావురాలగుట్ట మీద శకలాలు కనిపించినాయి. ఎవరూ బతకలేదు. అప్పటికి నేను పుట్టలేదు. ఆ రాత్రి మా తండాలో ఎవరూ నిద్రపోలేదని తాత చెప్పినాడు.

2019 జూన్ 3న అస్సాంలోని జోర్‌హాట్ నుంచి అరుణాచల్ ప్రదేశ్‌లోని మెచుకాకు పోతున్న వైమానిక దళం రవాణా విమానం ఏ.ఎన్.-32 కూడా కొండల్లోనే కూలింది. 13 మంది చనిపోయినారు. 8 రోజులకు గాని దాని జాడ తెలియలేదు.

హెలికాప్టరు ఎందుకు పడిందని సైన్సు సారును అడిగినాను. గేరుబాక్సు ఆయిలు ఒత్తిడిలో ఏదో తేడా కనిపిస్తే, పైలట్లు కొన్ని నిమిషాలు దాని మీదే ధ్యాస పెట్టినారని విచారణలో తేలిందంట. అంతలో వాన మబ్బులోని గాలి హెలికాప్టరును బలంగా కిందికి తోసేసిందంట. "ఒక్కదాన్నే చూస్తూ చుట్టూ మరిచిపోకూడదురా" అన్నారు సారు. నా గుండె ఝల్లుమనింది.

పోయిన దసరా సెలవుల్లో నేనూ మా చెల్లెలూ గుట్ట మీదికి మేకలు తోలుకుపోయినాము. చెల్లెలికి ఆరేండ్లు. ఒక మేక కాలు బండల సందున ఇరుక్కునింది. దాన్ని తీయడంలో పడి నేను తలెత్తి చూడలేదు. వాన వచ్చింది. మేక బయటికొచ్చింది గానీ చెల్లెలు లేదు. ఎంత పిలిచినా పలకలేదు. తండాకు పరిగెత్తినాను. తండా అంతా టార్చిలైట్లు పట్టుకొని గుట్టెక్కింది. నడిరాత్రి ఒక చరియ కింద మేకపిల్లను కరచుకొని దొరికింది.

"నువ్వు చూడలేదా?" అని నాయన నన్ను అడిగినాడు. "వద్దంటే వినకుండా పోయింది" అన్నాను. నేను వద్దనలేదు. అసలు చూడనే లేదు. నాయన చెల్లెల్ని రెండు దెబ్బలు కొట్టినాడు. అది ఏడ్చింది గానీ నా మాట అబద్ధమని చెప్పలేదు. నన్ను చూసింది, అంతే.

ఆ పైలట్లు తమ సంగతి చెప్పుకోవడానికి మిగల్లేదు. నేను మిగిలినాను. అయినా చెప్పలేదు.

వచ్చే ఆదివారం నాయన నన్ను చూడడానికి వస్తాడు. చెల్లెల్ని కూడా తోలుకొస్తానన్నాడు. నాయనకు చదువు రాదు. ఈ గోడపత్రిక ముందర నిలబెట్టి నేనే చదివి వినిపిస్తాను. మీరెవరూ ముందుగా చెప్పొద్దని నా మనవి.

ఇట్లు,
మీ మిత్రుడు,
9వ తరగతి, ఆమడగూరు