తూటా మార్చితే తుపాకి మారునా?

తూటా అనే మాటను మనలో చాలామంది మొదట వినేది చరిత్ర పాఠంలోనే. 1857వ సంవత్సరంలో ఎన్‌ఫీల్డ్ తుపాకికి ఇచ్చిన కొవ్వు పూసిన తూటాలు సిపాయిల మనస్సులలో ఎంతటి అలజడి రేపినవో పరీక్షలలో వ్రాసి, ఆ తరువాత ఆ మాటను మరచిపోతాము. తుపాకి పెద్దది, తూటా చిన్నది గనుక తుపాకియే ప్రధానమనీ, తూటా దాని వెంట నడిచే పరిచారకుడనీ భావిస్తాము. వాస్తవం దీనికి విరుద్ధం. తూటా కొలతను బట్టియే తుపాకి రూపొందుతుంది. ఈ సత్యం నాకు మొదట పుస్తకాల వలన గాక, మా ఇంట తలెత్తిన ఒక వివాదం వలన తెలిసినది.

మా దాదాజాన్ వద్ద .315 కొలత గల వేట రైఫిలు ఒకటి ఉండేది. ఈ కొలతకు ఒక కథ ఉన్నది. బ్రిటిష్ ప్రభుత్వం తన సైన్యం వాడే .303 తూటాను భారతీయ పౌరులకు అందనీయలేదు. అందుచేత ఆస్ట్రియా దేశపు మాన్లిచర్ తూటా కొలతను గ్రహించి, దానిని లీ-ఎన్‌ఫీల్డ్ నమూనా యంత్రాంగానికి అమర్చిన వేట తుపాకులు మన దేశంలో వాడుకలోనికి వచ్చినవి. స్వాతంత్ర్యానంతరం కూడా బెంగాలులోని ఇచ్ఛాపూర్ రైఫిలు కర్మాగారం అదే కొలతతో స్పోర్టింగ్ రైఫిళ్ళను తయారుచేస్తూ వచ్చినది. అనగా మా దాదాజాన్ తుపాకి వంశమే ఒక తూటా మార్పుతో ఆరంభమైనదన్న మాట.

నేడు నిర్మల్ జిల్లాలో చేరిన మా ఊరి పొలిమేర దాటితే అడవి. యౌవనంలో దాదాజాన్ వేటాడిన మాట నిజమే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత ఆయన వేట మానుకొన్నారు. జొన్నచేలపై పడే అడవిపందులను బెదరించడానికి ఆకాశం వైపు ఒక్క తూటా కాల్చడమే ఆ రైఫిలుకు మిగిలిన పని. ఆయన లైసెన్సు పుస్తకంలో పది తూటాలు కొన్నట్లు ఒక నమోదు ఉంటే, మరల పది కొన్న నమోదుకు మూడేండ్లు పట్టేది. వేట సంగతులు అడిగితే ఆయన ఎన్నడూ దూరపు గురిని గూర్చి గొప్పలు చెప్పలేదు. “బేటా, దూరం తగ్గించుకోవడమే వేటగాని గురి. నూరడుగుల లోపలికి పోలేనివాడు తుపాకి దించుకొని ఇంటికి రావాలి. గాయపడిన జంతువు రాత్రంతా అడవిలో మూలుగుతూ ఉంటే ఆ పాపం ఎవరిది?” అనేవారు.

2009లో ఆయన పరమపదించినారు. చట్టప్రకారం రైఫిలును హైదరాబాదులో లైసెన్సు గల ఒక వ్యాపారి వద్ద డిపాజిట్ చేసినాము. అప్పుడు మా చాచాజాన్ కుమారుడు, నాకు తమ్ముడు వరుస వాడు, ఒక కోరిక ముందుంచినాడు. వాడు అప్పటికే రైఫిలు క్లబ్బులో గురిపోటీలు అభ్యసిస్తున్నాడు. దాదాజాన్ తుపాకిని 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్పించి, 300 మీటర్ల పోటీలో నిలబెట్టాలని వాడి కల. మా అబ్బాజాన్ ససేమిరా అన్నారు. “అది మా బావాజాన్ చేతి వస్తువు. దాని మీద రంపం పెట్టనివ్వను” అన్నది ఆయన మాట. “మూలపడి తుప్పు పట్టేది జ్ఞాపకం ఎట్లా అవుతుంది, బడే అబ్బా? మైదానంలో మ్రోగితేనే అది దాదా తుపాకి” అన్నది వాడి మాట. ఇద్దరిదీ ప్రేమయే. అందుచేతనే తగవు తెగలేదు. కొన్ని మాసాలపాటు ఆ ఇద్దరూ ఒకే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చుండి కూడా మాటలాడుకొనలేదు.

చివరకు ముగ్గురమూ ఆ వ్యాపారి వద్దకు పోయినాము. అక్కడ మరమ్మతులు చూచే వృద్ధుడొకరు మా తమ్ముని మాట సాంతం విని, ఏమీ వాదించక, కొలిచే పనిముట్టు తీసినారు. .315 తూటాలోని గుండు వ్యాసం ఇంచుమించు 8.2 మిల్లీమీటర్లు. 7.62 అని పిలువబడే తూటాలో గుండు వ్యాసం 7.82 మిల్లీమీటర్లు. తేడా అయిదారు వెంట్రుకల మందం మాత్రమే. కాని గుండు గొట్టంలోని మెలిక చాళ్ళను ఒరసికొని తిరుగుతూ పోవాలి. ఆ తిరుగుడే బొంగరాన్ని నిలబెట్టినట్లు గుండును గాలిలో నిలకడగా నడుపుతుంది. చాళ్ళను పట్టని గుండు దారి తప్పిన బాటసారి వంటిది. కనుక మొదట గొట్టమే మారాలి. పాత తూటాకు అడుగున పొడుచుకొని వచ్చిన అంచు ఉన్నది, కొత్త దానికి లేదు. కనుక బోల్టు ముఖమూ, ఖాళీ ఇత్తడి గుల్లను బయటకు లాగే కొక్కెమూ మారాలి. గుల్ల ఆకారం వేరు గనుక మ్యాగజైను మారాలి. గుండు వేగం వేరు గనుక గురిపలక గీతలూ మారాలి. కొత్త తూటా ఒత్తిడి ఎక్కువ గనుక, పాత ఉక్కు దానికి తాళగలదా అన్న ప్రశ్న అన్నిటికన్న పెద్దది. ఇవన్నీ చెప్పి ఆ వృద్ధుడు, “ఇంత మార్చిన తరువాత మీ దాదాగారిది ఇందులో ఏమి మిగులుతుంది, బాబూ?” అని అడిగినారు.

తరువాత నేను చదివి తెలిసికొన్నది ఆయన మాటను బలపరచినది. 1960 దశకంలో మన ఇచ్ఛాపూర్ కర్మాగారమే లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాను 7.62 తూటాకు అనువుగా మలచి 2ఎ, 2ఎ1 అనే రైఫిళ్ళను రూపొందించినది. అందుకై పాత .303 తుపాకుల గొట్టాలు మార్చి ఊరుకొనలేదు. మేలైన ఉక్కుతో క్రొత్తగా తయారుచేసి, కొక్కెమునూ మ్యాగజైనునూ మార్చినారు. బ్రిటన్‌లో పాత రైఫిళ్ళనే మార్చి చూచినారు. తేలికపాటి గొట్టాలతో చేసిన తొలి ప్రయత్నాలు నిరాశపరచినవి. బరువైన గొట్టాలను, చెక్క ఎక్కడా ఒత్తకుండ బిగించినప్పుడే గురి కుదిరినది.

అక్కడి బిస్లే మైదానంలో 1890 నుండి పోటీలు జరుగుతున్నవి. 1000 గజాల దూరపు గురి కూడా వాటిలో ఉన్నది. లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగంలో బోల్టు వెనుక భాగాన బిగుసుకొంటుంది. అందుచేత ప్రేలుడు సమయాన తుపాకి కొంచెము వంగి అదురుతుంది. దగ్గరి గురికి ఇది లోపమే. కాని ఆ అదురులో గొట్టపు మూతి పైకి లేస్తున్న క్షణాన గుండు వెలువడితే, నెమ్మదిగా వచ్చిన గుండు కొంత ఆలస్యంగా, అనగా కొంత ఎత్తు కోణంలో బయటపడుతుంది. వేగంలోని కొరతను కోణం తీర్చుతుంది. దూరాన రెండు గుండ్లూ ఇంచుమించు ఒకే ఎత్తున తగులుతవి. 900, 1000 గజాల వద్ద ఈ తుపాకులు పేరు తెచ్చుకొన్నది ఈ కారణం చేతనే. గురి అనేది ఒక భాగంలో ఉండే గుణం కాదనీ, అన్ని భాగాల పొందికలో పుట్టే ఫలమనీ చెప్పడానికి ఇంతకన్న మంచి నిదర్శనం నాకు తోచదు.

దూరం ఎంత కఠినమైన పరీక్షయో లెక్క వేసి చూడవచ్చును. సెకనుకు సగటున 600 మీటర్లు పోయే గుండు 300 మీటర్లు దాటడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులోనే భూమి దానిని సుమారు 1.2 మీటర్లు క్రిందికి లాగుతుంది. వేగం తగ్గదనుకొన్నా, దూరం మూడింతలైతే ఆ పతనం తొమ్మిదింతలవుతుంది. 300 మీటర్ల అంతర్జాతీయ పోటీలో పది మార్కుల వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు, అనగా ఒక చిన్న సాసరు పాటి.

ఇక్కడనే నాకు వేటగానికీ గురికానికీ గల భేదం బోధపడినది. వేటగాడు దూరాన్ని తగ్గించుకొంటాడు. అది అతని ధర్మం. గురికాడు దూరాన్ని అంగీకరించి దోషాన్ని తగ్గించుకొంటాడు. ఇది ఇతని ధర్మం. మొదటివానికి కావలసినది చేతికి తేలికగా ఉండి, మంచులోనూ బురదలోనూ మొరాయించని తుపాకి. రెండవవానికి కావలసినది బరువుగా, కదలక, ప్రతిసారీ ఒకే విధంగా ప్రవర్తించే తుపాకి. ఒక్క తూటాను మార్చి ఒకరి పనిముట్టును మరొకరికి ఒప్పచెప్పలేము.

చట్టమూ ఇదే మాట మరొక విధంగా చెప్పుచున్నది. 1959 నాటి ఆయుధ చట్టం తుపాకి తయారీకి ఏ విధంగా లైసెన్సు కావాలన్నదో, మార్పునకూ మరమ్మతుకూ ఆ విధంగానే కావాలన్నది. యజమాని ఇష్టం ఒక్కటే చాలదు. తప్పు కొలతతో పేలిన తుపాకి మొదట గాయపరచేది దాని వెనుక చెంప ఆనించి నిలిచిన మనిషినే గనుక, ఈ కట్టడి నాకు న్యాయంగానే తోచినది.

వృద్ధుని ప్రశ్నకు ఆనాడు మా తమ్ముడు బదులు చెప్పలేదు. బోల్టును ఒకసారి వెనుకకు లాగి, మరల ముందుకు నెట్టి, రైఫిలును అబ్బాజాన్ చేతికి అందించినాడు. రైఫిలు మార్పు లేకుండానే, అనుమతులన్నీ పూర్తియైన తరువాత, లైసెన్సు గల మరొక రైతు పేరిట బదిలీ అయినది. తమ్ముడు క్లబ్బువారి .22 రైఫిలుతో 50 మీటర్ల గురి ఆరంభించినాడు. అక్కడ పది మార్కుల వలయం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. మొదటిసారి దానిని కొట్టిన కాగితాన్ని తెచ్చి అబ్బాజాన్‌కు చూపినాడు. ఆయన కళ్ళజోడు సవరించుకొని, ఆ చిన్న రంధ్రాన్ని వ్రేలితో తడిమి, “ఎంత దూరం నుండి?” అని అడిగినారు.

“యాభై మీటర్లు, బడే అబ్బా.”

“మీ దాదా అయితే ఇంకా దగ్గరికి పోయి ఉండేవారు” అన్నారాయన, నవ్వుతూ.