ఆగస్టు 9 తర్వాత ఐదు రోజులు

ఇంటర్న్‌షిప్‌లో చేరిన రోజు నా ఐ-20 (అమెరికాలో చదివే విదేశీ విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రెండో పేజీ ఫోటో తీసి నాన్నకు వాట్సాప్‌లో పంపాను. కంపెనీ పేరు, ఫుల్‌టైమ్ అన్న మాట, 2024 మే 20 నుంచి ఆగస్టు 9 వరకు అని తేదీలు. ఆ తర్వాత ఆ పేజీ నేను మళ్లీ తెరవలేదు.

మాది ఖమ్మం. 2023 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి డాలస్ వెళ్లాను. ఎఫ్-1 విద్యార్థి వీసా మీదున్నవాళ్లు డిగ్రీ చేతికి రాకముందే బయట కంపెనీలో పనిచేయాలంటే ఎక్కువమందికి సీపీటీ అనే అనుమతే దారి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం చదివాక, ఆ పని కోర్సులో భాగమైతేనే ఇస్తారు. ఇమిగ్రేషన్ శాఖ నుంచి వేరే కార్డేదీ రాదు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌వో) ఆ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ అయిన సెవిస్‌లో నమోదు చేసి కొత్త ఐ-20 ఇస్తారు. ఆ కాగితమే పర్మిట్. అందులో ఉన్న కంపెనీలోనే, ఉన్న తేదీల్లోనే పని. సీనియర్లు మాత్రం ఒక్కటే చెప్పేవారు: ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఓపీటీ, అంటే డిగ్రీ తర్వాత పనిచేసుకునే అనుమతి, పోతుందని. నాది 12 వారాలే కదా అని ధీమాగా ఉన్నాను.

ఆగస్టు 8న మేనేజర్ పిలిచి, డెమో మరో వారం వెనక్కి పోయింది, అప్పటిదాకా ఉంటావా అని అడిగాడు. పని నచ్చబట్టే అడుగుతున్నాడని పొంగిపోయాను. హెచ్‌ఆర్ సరేనంది. పేరోల్‌లో చివరి తేదీ ఆగస్టు 16కి మారింది. ఐదు రోజులు, 40 గంటలు, 1,200 డాలర్లు. గడువు తీరకముందే డీఎస్‌వోకి ఒక్క మెయిల్ పెట్టి పొడిగించమని అడగాల్సింది. ఆ ఆలోచనే రాలేదు.

సెప్టెంబరులో అదే కంపెనీలో పార్ట్‌టైమ్‌కి మళ్లీ సీపీటీ అడిగాను. కాగితాలతో పాటు చివరి పేస్లిప్ ఇమ్మన్నారు, ఇచ్చాను. డీఎస్‌వో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఆమె పెన్ను పేస్లిప్ మీద 16 దగ్గర ఆగింది. తర్వాత ఐ-20 మీద 9 దగ్గర ఆగింది. కాసేపు ఏమీ అనలేదు. ఆమె గొంతులో కోపం లేదు. అనుమతి లేని పని కిందికి వస్తుంది, రిపోర్ట్ చేయక తప్పదు అన్నారు. నా సెవిస్ రికార్డు టెర్మినేట్ అయింది. అనుమతి లేకుండా పనిచేసినవాళ్లకు పోయిన స్టేటస్ తిరిగి తెచ్చుకునే రీఇన్‌స్టేట్‌మెంట్ దారి కూడా మూసుకుపోతుందని లాయరు చెప్పాడు.

రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. ఇల్లు తాకట్టు పెట్టి 32 లక్షలు తెచ్చిన మనిషి నాన్న. "ఐదు రోజులకా అమ్మా?" అన్నాడు. కాసేపాగి మళ్లీ అదే అడిగాడు. ఇప్పటికీ ఆ గొంతు గుర్తొస్తే కడుపులో తిప్పినట్టవుతుంది.

గది ఖాళీ చేసి ఇంటికొచ్చేశాను. ఆ సెమిస్టర్ ఫీజు పోయింది. కొత్త ఐ-20 తెప్పించుకుని సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు మళ్లీ కట్టాను. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో జరిగిందంతా దాచకుండా చెప్పాను. వీసా ఇచ్చారు. అందరికీ ఇస్తారని మాత్రం చెప్పలేను. 2025 జనవరిలో తిరిగి వెళ్లాను. సెవిస్ నంబరు కొత్తది కావడంతో సీపీటీకైనా ఓపీటీకైనా ఏడాది చదువు లెక్క మళ్లీ మొదటినుంచి మొదలైంది. మే నెలలో రావాల్సిన డిగ్రీ డిసెంబరుకు వెళ్లింది.

నా అనుమతి ముగిసే తేదీ చూసుకోవాల్సిన బాధ్యత కంపెనీకీ ఉంది, ఉద్యోగికి పనిచేసే అనుమతి ఉందో లేదో చూసే ఐ-9 ఫారం ఉన్నదే అందుకు. కానీ ఇంటికి తిరిగొచ్చింది నేనొక్కదాన్నే. అక్కడ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇవాళే మీ ఐ-20 రెండో పేజీ తెరవండి. చివరి తేదీకి రెండు వారాల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఒక్క రోజు ఎక్కువ ఉండమని ఎవరడిగినా, ముందు డీఎస్‌వోకి రాయండి.