నల్ల రికార్డులా, వెండి బిళ్లలా?

2023వ సంవత్సరము శ్రావణమాసములో ఒక శనివారము వేకువను మా యింటి ఆంప్లిఫయరు సుప్రభాతము నడుమ చిటుక్కుమని, కాలిన వాసన వేసి, మూగవోయినది. రిచీ వీధిలోని మెకానిక్కు దానిని విప్పి చూచి, ఇందులోని భాగములు ఇపుడు దొరకవనియు, క్రొత్తది కొనుటయే మేలనియు చెప్పెను. జతగానున్న సీడీ యంత్రమును గూడ పరీక్షించి, దాని లేసరు కన్ను మందగించినదనెను. స్పీకర్లు మాత్రము, అంచులనున్న నురుగు పొడిపొడియైపోయినను, పెట్టెలు గట్టివి గనుక బాగుచేయవచ్చునట. ఈ విధముగా ఉద్యోగవిరమణానంతరము మాకొక సమస్య వచ్చిపడినది. క్రొత్త ఆంప్లిఫయరునకు తోడుగా మరల సీడీ యంత్రమునే కొనవలెనా, లేక రికార్డు ప్లేయరు కొనవలెనా?

రెండును కొనరాదాయని పాఠకులు అడుగవచ్చును. మేము గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. ఇందుకై బ్యాంకులోని డిపాజిట్టునుండి 60,000 రూపాయలకు మించి తీయరాదని మా గృహిణి తీర్పు చెప్పినది. ఆ కోర్టుపైన అప్పీలు లేదు.

జవాబునకు పూర్వము మేము చేసిన తప్పొకటి చెప్పుకొనక తీరదు.

మా తండ్రిగారు పెరంబూరులో కాపురముండి 1971లో ఒక రికార్డు ప్లేయరు కొనిరి. నెల జీతము రాగానే మూర్ మార్కెట్టునకు పోయి, పాత రికార్డులను బేరమాడి తెచ్చుట వారికొక నోము. 1985లో మూర్ మార్కెట్టు అగ్నికి ఆహుతియగు వరకు ఆ నోము తప్పలేదు. 1992లో వారు గతించునాటికి మా యింట 140కి పైగా రికార్డులుండెను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతము, ఘంటసాలవారి భగవద్గీత, సినిమా పాటల చిన్న రికార్డులు, ఇంకను ముందుతరమునాటి లక్క రికార్డులపై తిరుపతి వేంకట కవుల రాయబార పద్యములు, అన్నియు మంచము క్రింద నిలువుగా పేర్చియుండెడివి.

మేము బడిలో తెలుగే మొదటి భాషగా చదివితిమి. మాకంటె అయిదేండ్లు చిన్నదగు మా చెల్లెలు చేరిన బడిలో తెలుగు లేదు. ఆమె చదువంతయు తమిళములోనే సాగినది. ఆమెకు తెలుగక్షరములు నేర్పినవి రికార్డుల అట్టలు. తండ్రిగారు పాట పెట్టి, అట్టమీద ఆ పాట పేరును వ్రేలితో చూపుచుండిరి. ‘ఘ’ యను అక్షరమును ఆ పిల్ల ఘంటసాల పేరులోనే మొదట గుర్తుపట్టినది. ఇప్పటికిని ఆమె ఉత్తరము వ్రాసినచో అక్షరములు అట్టలమీది అచ్చువలెనే గుండ్రముగా, పెద్దవిగా నుండును.

1996లో మాకు బోనసు వచ్చినది. ఆ సొమ్ముతో సీడీ యంత్రము కొంటిమి. అంగడివాడు వెండివలె తళతళలాడు బిళ్లనొకదానిని వెలుగునకు పట్టి, “దీనికి అరుగుట లేదు, తరుగుట లేదు, మీ మనుమలు కూడ విందురు” అనెను. మేము నమ్మితిమి. ఇల్లు ఇరుకు, పిల్లలు ఎదుగుచుండిరి, మంచము క్రింద చెమ్మ. పాత కాగితములు కొనువానిని పిలిచి, ఒక్కొక్క రికార్డు రెండు రూపాయల చొప్పున అమ్మివేసితిమి. ఆ నెలలోనే మా చెల్లెలు వేలూరునుండి వచ్చి, మంచము క్రింద వంగి చూచినది. ఏమియు అనలేదు. భోజనము చేసి సాయంకాలపు రైలుకు వెళ్లిపోయినది. తండ్రిగారి మొదటి సాంవత్సరీకమునకు వచ్చినపుడు ఆమె అడిగి తీసికొనిపోయిన 12 రికార్డులు మాత్రమే ఆ విధముగా మిగిలినవి. అటుపిమ్మట మా యింట ఆమె సంగీతము మాట ఎత్తగా మేము వినలేదు.

ఇక ఆ వెండి బిళ్లల సంగతి. మా దగ్గర పోగైన 90 సీడీలలో 11 ఇపుడు పలుకవు. వాటిని వెలుగునకు పట్టినచో సూదిబెజ్జములవలె చుక్కలు కానవచ్చును. సీడీలో పాటను దాచుకొను అల్యూమినియము పొర పేరు అచ్చువేసిన వైపుననే పలుచని లక్కపూత క్రిందనుండును. మేము ఇన్నాళ్లును మెరయువైపును పసిబిడ్డవలె కాపాడి, పేరున్న వైపును బల్లమీద రాచి పెట్టుచుంటిమి. గీత పడరానిది ఆ వైపుననేయని ఎవరును చెప్పలేదు.

అట్లని రికార్డు నిర్దోషి యనుట లేదు. లాంగ్ ప్లే రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. వెలుపలి చుట్టులో ముల్లు క్రింద సెకనునకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి పరుగెత్తగా, లోపలి చుట్టునకు వచ్చునప్పటికి అది 20కి దిగును. అంతే పాటను అంత తక్కువ చోటులో ఇరికింపవలసివచ్చుటచే చివరి పాటలో ‘స’కారములు బుసకొట్టును. మా తండ్రిగారు దీనిని విని “ఆఖరి పాటకు పాపము గాయకుడు అలసినాడు” అనెడివారు. దుమ్ము చిటపటలు, మోటారు గురగుర వేరుగా నుండనే యున్నవి. సీడీయో, 1982లో పుట్టినది మొదలు సెకనునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి అంకెలుగా దాచుకొనును. చుట్టు లోపలిదైనను వెలుపలిదైనను దానికొక్కటే. మెల్లని స్వరమునకును పెద్ద స్వరమునకును మధ్యనుండు దూరము కూడ రికార్డుకంటె సీడీలో ఎక్కువ ఇముడును. అయినను 2022లో అమెరికాలో సీడీలకంటె రికార్డులే ఎక్కువ అమ్ముడుపోయినవి. 1987 తరువాత అట్లు జరుగుట అదియే మొదలు. ఫాషను తిరిగివచ్చుట చీరల అంచులకే పరిమితము కాదు.

చెల్లెలికి ఫోను చేసి సంగతి చెప్పితిమి. కొంతసేపు పలుకలేదు. తరువాత, “ప్లేయరు కొన్నాక చెప్పన్నా. కొనకముందు రికార్డులు ఇవ్వను” అన్నది. మరునాడేమి తోచినదో, సుప్రభాతము రికార్డు నొకదానిని తువాలులో చుట్టుకొని, అంగడికి మాతో వచ్చుటకు తానే బయలుదేరి వచ్చినది.

అంగడిలో మా సీడీని, ఆమె రికార్డును ఒకే ఆంప్లిఫయరునకు తగిలించిరి. అమ్మకపు కుర్రవాడు రికార్డు పెట్టి, ఈ వెచ్చదనము సీడీకి రాదనెను. మాకును అట్లే తోచినది. మా గృహిణి మాత్రము, “ఆ నల్లది గట్టిగా పాడుచున్నది బాబూ. రెండింటిని ఒక్క స్థాయికి తెచ్చి మరల పెట్టు” అన్నది. సమము చేయగా వెచ్చదనము చాలమట్టుకు చల్లారినది. గట్టిగా వినబడునది మంచిదిగా తోచుట చెవుల స్వభావము. అమ్మువారికి ఇది తెలియనిది కాదు. కన్నులు మూసికొని ఏది ఏదియో నాలుగుమార్లు చెప్పబోయి రెండుమార్లు తప్పితిమి. 2021లో మాకు చేసిన చెవి పరీక్షలో 4,000 హెర్ట్జుల పైన గీత మెట్లు దిగినట్లు దిగినది. 20,000 దాక పలుకు యంత్రమేదియని ఈ చెవులతో వాదులాడుట వృథా.

చెల్లెలు నాలుగుమార్లును సరిగా చెప్పినది. ఎట్లని అడుగగా, “రెండో నిమిషంలో టిక్కుమంటుంది కదా. నాలుగో తరగతిలో నేను ముల్లు జారవిడిచిన చోటు అది. నాయన కొట్టలేదు, రెండు రోజులు మాట్లాడలేదు” అన్నది.

ఆ రాత్రి లెక్కలు వేసికొంటిమి. గుమాస్తా పనిలో మేము నేర్చినది ఒకటి కలదు. పాత లెడ్జరు చివికినచో అందులోని అంకెలను క్రొత్త లెడ్జరులోనికి ఎక్కించుకొనవచ్చును. ఒక్క పైసా తేడా రాదు. సంతకమును మాత్రము ఎవరును నకలు తీయలేరు. సీడీలోనివి అంకెలు. పలుకుచున్న 79 సీడీలను కంప్యూటరులోనికి ఎక్కించినచో పాటలో రవ్వంతయు తరుగదు, వానికై వేరుగా యంత్రము కొననక్కరలేదు. ఆ పనిని మా మనుమడు వేసవి సెలవులలో పూర్తిచేసినాడు. రికార్డునకు అట్టి దారి లేదు; ముల్లు ఆ గాడిలో నడిచి తీరవలెను. పైగా రాయబార పద్యముల ఆ రికార్డులు మాకు సీడీగా ఎక్కడను దొరకలేదు. కనుక నాదము మేలనిగాదు, మరియొక దారి లేకపోవుటచే రికార్డు ప్లేయరునే కొన నిశ్చయించితిమి.

కొనదలచినవారికి రెండు మాటలు. ముల్లునుండి వచ్చు విద్యుత్తు వోల్టులో వేయవ వంతులలో మాత్రమే యుండును. సీడీ యంత్రము రెండు వోల్టుల వరకు ఇచ్చును. అందుచే రికార్డునకు ప్రత్యేకమైన ‘ఫోనో’ ద్వారము గల ఆంప్లిఫయరు కావలెను, లేనిచో వేరొక పెట్టె కొనవలసివచ్చును. లక్క రికార్డులున్నవారు 78 వేగమున్నదో లేదో చూచుకొనవలెను. నేటి ప్లేయర్లు పెక్కింటికి 33, 45 మాత్రమే కలవు. ఆ పాత గాడి వెడల్పైనది గనుక దానికి వేరు ముల్లు అవసరము. స్పీకర్ల మరమ్మతుతో గూడ మాకు మొత్తము 57,400 రూపాయలైనది.

ప్లేయరు ఇంటికి వచ్చినదని తెలుపగా చెల్లెలు ఆ ఆదివారమే వచ్చినది. అట్టపెట్టెలో పది రికార్డులున్నవి. ఒకటి వేలూరు ఎండకు అప్పడమువలె వంగి, ముల్లును ఎగురవేయుచున్నది. తక్కినవి ఒకదానివెంట నొకటి పెట్టినది, మమ్ము తాకనీయలేదు. సుప్రభాతములో టిక్కుమను చోటు రాగానే మా వైపు చూచినది. రాయబారము లక్క రికార్డు పెట్టినపుడు పద్యమును తానుకూడ గొంతు కలిపి చదివినది. తమిళ బడిలో చదివిన ఆమె నోట ఒక్క యొత్తును జారలేదు.

సాయంకాలము వెళ్లుచు పదింటిని అలమరలో నిలువుగా పేర్చి, ప్రక్కకు ఒరగకుండ ఒక పుస్తకమును ఆనించినది. మిగిలిన రెండు, భగవద్గీతయు, ‘మాయాబజార్’ పాటల రికార్డును, తన యొద్దనే ఉంచుకొందునన్నది. మేము అడుగలేదు.