విషం లేని విషపు కప్పలు

పిల్లలూ, మేము అమెరికాలో ఉంటున్నాం. మా ఇంట్లో కుక్క లేదు, పిల్లి లేదు. ఒక గాజుపెట్టెలో నాలుగు కప్పలు మాత్రం ఉన్నవి. ఒక్కొక్కటి అంగుళంన్నర పొడవుంటుంది. నల్లని ఒంటిమీద ఆకుపచ్చ మచ్చలు నిగనిగలాడుతూంటవి. ఈ కుటుంబానికి "విషబాణపు కప్పలు" అని పేరు.

గుడివాడ నుంచి మమ్మల్ని చూడవచ్చిన మా అమ్మ ఈ పేరు విని హడలిపోయింది. "ఇంట్లో చిన్నపిల్ల తిరుగుతూంటే విషపు జంతువులేమిట్రా?" అన్నది.

ఆవిడ భయంలో వింత లేదు. కొలంబియా అడవుల్లో ఈ కుటుంబానికే చెందిన బంగారు రంగు కప్ప ఒకటి ఉన్నది. అక్కడి ఎంబెరా జాతివారు దాని వీపుమీద బాణపు మొనను రాచి, ఆ బాణాన్ని గొట్టంలో పెట్టి ఊది, వేటాడేవారు.

మరి మా కప్పల విషం ఏమైంది? అసలు రహస్యం తిండిలో ఉన్నది. అడవిలో ఈ కప్పలు చీమలనూ, రాలిన ఆకులలోని సన్నపురుగులనూ తింటవి. వాటిలోని విషం కప్ప చర్మంలో చేరుతుంది. జాన్ డాలీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ సరిగ్గా మా కప్పల జాతినే పరీక్షించి, 1994లో ఈ సంగతి ప్రకటించారు. ఇంట్లో పళ్ళ ఈగలు తిని పెరిగిన కప్పలకు విషం లేదు. ఆకుల్లోని చీమలూ పురుగులూ తిన్నవాటికి విషం పట్టింది!

అయితే అడవిలో పట్టి తెచ్చిన కప్పలో విషం ఏళ్ళ తరబడి నిలిచి ఉండగలదు. అందుకని మేము గాజుపెట్టెలో పుట్టిన కప్పలనే తెచ్చుకున్నాం. దీనివల్ల అడవికీ నష్టం లేదు.

వాటికోసం సీసాలలో అరటిపండు గుజ్జు పెట్టి, ఎగరలేని పళ్ళ ఈగలను పెంచుతాం. ఈగలకు కాల్షియం పొడి అద్ది వేస్తాం. రోజూ నీళ్ళు చిలకరించి, పెట్టెలో ఎప్పుడూ వానాకాలం లాగే ఉంచుతాం. కప్పలను చేత్తో పట్టుకోం. మన చేతికున్న ఉప్పూ, సబ్బూ వాటి పల్చని చర్మానికి పడవు.

ఒకనాడు మా పదేళ్ళ అమ్మాయి, "పాపం నాన్నా, వీటిని అడవిలో వదిలేద్దామా?" అని అడిగింది.

అడిగింది జాలితోనే. కాని మేముండేచోట చలికాలంలో మంచు కురుస్తుంది. ఆ చలికి ఇవి బతకవు. పోనీ, వీటి పూర్వుల అడవికే పంపామనుకోండి. ఆ ఆకుపచ్చ మచ్చలు "నన్ను తినకు, విషం!" అని శత్రువులకు హెచ్చరిక. వీటికి హెచ్చరిక ఉన్నది గాని, విషం లేదు. పైగా ఇక్కడి జబ్బులు అక్కడి కప్పలకు అంటుకోవచ్చు.

ఈ కప్పలు పదేళ్ళకు పైగా కూడా బతకగలవు. అప్పటికి మా అమ్మాయి కాలేజీలో ఉంటుంది. ఈ మాట చెబితే కాసేపు ఆలోచించి, "సెలవుల్లో నేను చూస్తాను. మిగతా రోజులు నువ్వు ఈగలు పెంచు, నాన్నా!" అన్నది.

నేను ఒప్పుకున్నాను. అడవిలో కప్పను దాని విషం కాపాడుతుంది. మా ఇంట్లో దాన్ని మేమే కాపాడాలి గదా!