తెగిన పోగు ఎక్కడ?

కంప్యూటర్‌కు కోపం రాదు. గొంతు పెంచదు. ఎర్రటి అక్షరాలతో ఒకే ఒక్క మాట అంటుంది... 'ఇన్‌వాలిడ్ డేటా'. అంతే! అరగంటసేపు నింపిన దరఖాస్తు మళ్లీ మొదటికొస్తుంది. తప్పు పేరులో ఉందా, పుట్టిన తేదీలో ఉందా, పిన్‌కోడ్‌లో ఉందా? చెప్పదు. 'సర్వర్ తీసుకోవట్లేదు పెద్దాయనా, రేపు రాండి' అంటాడు ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు. ఆ రేపటికి ఇంకో రోజు కూలి పోతుంది.

రోజు కూలి విలువ ధర్మవరం మగ్గాలకు బాగా తెలుసు. సొంత మగ్గమున్న చేనేత కుటుంబానికి ఏటా 24 వేల రూపాయలిచ్చిన నేతన్న నేస్తం పథకం 2019 డిసెంబరు 21న మొదలైంది ఈ ఊళ్లోనే. సాయం ఏదైనా ఖాతాలో పడాలంటే కంప్యూటర్ రికార్డులో పేరూ నంబరూ కుదరాలి. మన పేర్లకు చిక్కు అక్కడే. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆ ఇంటిపేరు కూడా చాలాసార్లు ఒక్క ఇంగ్లిషు అక్షరం, పక్కనో చుక్క. 'ఇంటిపేరు కనీసం రెండక్షరాలుండాలి, చుక్కలు పనికిరావు' అని ఎక్కడో కూర్చున్న ప్రోగ్రామర్ రాసేస్తే, తాతల నాటి ఇంటిపేరు కాస్తా చెల్లకుండా పోతుంది.

అలాగని తనిఖీ వద్దనలేం. ఆధార్‌నే తీసుకోండి. 12 అంకెల్లో చివరిది, ముందున్న పదకొండింటిని బట్టి లెక్కకట్టింది. డచ్ గణితవేత్త వెర్హోఫ్ 1969లో చూపిన పద్ధతి అది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఇట్టే పట్టేస్తుంది.

వెబ్ అప్లికేషన్లలో ఇలాంటి కట్టుబాట్లను 'మోడల్' అనే భాగంలో రాస్తారు. 2004లో వచ్చిన రూబీ ఆన్ రెయిల్స్‌లో కట్టుబాటు తప్పిన రికార్డును సేవ్ చేయమంటే మోడల్ ఒప్పుకోదు. ఏ గడిలో ఏం తప్పో జాబితా కట్టి ఇస్తుంది. ప్రోగ్రామర్ ఆ జవాబును పట్టించుకోకపోతే మాత్రం ప్రమాదమే. తెర మీద 'దరఖాస్తు అందింది' అని కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు! 2005లో వచ్చిన జాంగోలో మరో మెలిక. రికార్డును నేరుగా సేవ్ చేస్తే మోడల్ తనిఖీ దానంతటది జరగదు. ప్రోగ్రామరే పనిగట్టుకుని పిలవాలి.

ఇంతకీ తప్పు దొరికాక ఏం చేయాలి? మగ్గం మీద పడుగులో పోగు తెగితే నేతగాడు చీరంతా కోసి పారేయడు. నేత ఆపుతాడు. తెగిన పోగు వెతికి ముడివేస్తాడు. మళ్లీ నాడె ఆడిస్తాడు. మంచి వెబ్‌సైట్ చేసేదీ ఇదే. నింపినవన్నీ అలాగే ఉంచుతుంది. తప్పున్న గడి పక్కనే, తెలుగులో, 'పిన్‌కోడ్‌కు ఆరు అంకెలుండాలి, మీరు ఐదే వేశారు' అంటుంది. తప్పులు మూడుంటే మూడూ ఒకేసారి చెబుతుంది.

అయితే తప్పు ప్రతిసారీ నింపినవాళ్లదే అనుకోవడానికీ లేదు. హిందూపురం పిన్‌కోడ్ 515201. పెనుకొండది 515110. ధర్మవరానిది 515671. అన్నీ 515తో మొదలయ్యేవే. '515 అంటే అనంతపురం జిల్లా' అని ఒకప్పుడు ఎవరైనా నిబంధన రాసుకుని ఉంటే అప్పటికది సబబే. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఈ మూడు ఊళ్లూ అందులోకి వెళ్లాయి. ఊరు కదల్లేదు, పిన్‌కోడ్ మారలేదు, జిల్లా మాత్రం మారింది. పెనుకొండవాసి తన జిల్లా పేరు సరిగ్గా రాసినా ఆ పాత నిబంధన కంటికి అది తప్పే!

అందుకే వెనక్కి పంపిన ప్రతిసారీ ఏ గడి దగ్గర, ఏ నిబంధన వల్ల ఆగిందో లెక్క రాసిపెట్టుకోవాలి. ఒకరిద్దరు పొరబడితే దిద్దుకోమని చెప్పొచ్చు. ఒకే గడి దగ్గర రోజూ వందమంది ఆగిపోతున్నారంటే, మరమ్మతు చేయాల్సింది ఆ నిబంధనకే.