దూరపు పిట్ట, దగ్గరి బొమ్మ

పిల్లలూ! మీలో ఎంతమంది పాలపిట్టను చూశారు? పంజరంలో ఉన్నదాన్ని కాదు, కరెంటు తీగమీద కూర్చున్నదాన్ని అడుగుతున్నాను. మా జహీరాబాదు చుట్టుపక్కల చెరుకు తోటల వెంబడి, అల్లం మళ్ళ వెంబడి నడిచి వెళితే ఏదో ఒక తీగమీద అది ఒంటరిగా, కాస్త బద్ధకంగా కూర్చుని కనిపిస్తుంది. కూర్చున్నప్పుడు అదేమంత గొప్పగా ఉండదు. గోధుమరంగు రొమ్ము, పెద్ద తల, అంతే. కాని కింద పురుగును చూసి రెక్కలు విప్పిందా, ఇక చూడాలి! ఆ నీలం ఏ బట్టల కొట్లోనూ దొరకదు. మన తెలంగాణ రాష్ట్రపక్షి ఇదే.

దసరానాడు జమ్మిచెట్టుకు మొక్కి, పాలపిట్టను చూస్తే మంచిదని మన పెద్దలు అంటారు. పొలాలకు పోయి చూడలేనివారి కోసమని కొందరు దాన్ని పట్టి, ఎగరకుండా రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చి చూపి డబ్బులు పుచ్చుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నేరం సంగతి అలా ఉంచినా, పండుగ అయిన తరవాత ఆ పిట్ట మళ్ళీ ఎగరగలుగుతుందా అన్నది ఎవరూ అడగరు.

2011 దసరాకు ముందు మా బడిలో పిల్లలు ఆ మాటే ఎత్తారు. అప్పటికి మాది మెదక్ జిల్లా; 2016లో సంగారెడ్డి జిల్లా అయింది.

"సార్, పంజరంల పిట్టను చూడొద్దంటున్నరు గదా! మరి మా నానమ్మ పొలం దాకా నడవలేదు. ఆమె ఎట్ల చూడాలె?" అన్నాడొక పిల్లవాడు.

"మంచి ఫొటో తీసి, పెద్దగ చేయించి, రచ్చకట్ట కాడ పెడదాం సార్! అందరు చూస్తరు," అంది ఇంకొక పిల్ల.

మాట బాగానే ఉంది. కాని పాలపిట్ట మనకోసం కదలకుండా కూర్చుంటుందా? నాలుగడుగులు దగ్గరికి వేస్తే తుర్రుమంటుంది. దూరం నుంచే తీయాలి. బొమ్మ మాత్రం దగ్గరినుంచి తీసినట్టు పెద్దదిగా రావాలి.

బడిలో ఒక చిన్న కెమెరా ఉండేది. పాత విద్యార్థి ఒకడు ఇచ్చినది. నికాన్ కూల్‌పిక్స్ 4500 దాని పేరు. 2002లో వచ్చిన రకం. దాని జూమ్ నాలుగు రెట్లు. దానితోపాటు డబ్బాలో బరువైన గాజు గొట్టం ఒకటి ఉండేది. దాన్ని కెమెరా కటకం ముందు మరలా బిగిస్తే బొమ్మ మరో రెండింతలు పెద్దదవుతుంది. దాన్నే టెలికన్వర్టర్ అంటారు.

పండుగకు మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. వాడి దగ్గర డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా ఉంది. ఆ కెమెరాలో కటకానికి వెనక ఒక అద్దం ఏటవాలుగా ఉంటుంది. కటకంగుండా వచ్చిన వెలుగును అది పైకి మళ్ళించి మన కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే టక్కున పైకి లేచి, ఆ వెలుగును వెనక ఉన్న సెన్సరు మీద పడనిస్తుంది. దాని కటకాన్ని ఊడదీసి మరొకటి తగిలించుకోవచ్చు. వాడి దగ్గరా ఒక రెండింతల టెలికన్వర్టర్ ఉంది. కాని దాన్ని కటకం ముందు కాదు, కటకానికీ కెమెరాకూ మధ్య బిగించాడు.

"అదేమిట్రా, మాది ముక్కుమీద పెట్టుకునేది, నీది మెడకు కట్టుకునేదా?" అన్నాను.

"అంతే మామయ్యా! దీనికి ముందు పెట్టాలంటే అన్నం తినే పళ్ళెమంత అద్దం కావాలి," అన్నాడు.

వాడు నవ్వులాటకు అన్నాడు గాని, అందులో లెక్క ఉంది. చూడండి. వాడి కటకం నాభ్యాంతరం 300 మిల్లీమీటర్లు. దానిమీద ఎఫ్ 4 అని రాసి ఉంది. అంటే వెలుగు వచ్చే ద్వారం 300లో నాలుగో వంతు, 75 మిల్లీమీటర్లన్నమాట. ముందు రెండింతల కన్వర్టర్ పెడితే ఆ ద్వారం 150 మిల్లీమీటర్లు కావాలి. పళ్ళెం మాట అబద్ధం కాదు. ఇక మా చిన్న కెమెరా కటకం జూమ్ చేసినా నాభ్యాంతరం 32 మిల్లీమీటర్లే. ద్వారం ఆరు మిల్లీమీటర్ల చిల్లర, మీ చిటికెన వేలి గోరంత. దానికి రెండింతలంటే ఎంత? ఒక రూపాయి బిళ్ళకన్నా తక్కువే. అంచుల కోసం ఇంకొంచెం పెద్దది చేసినా చేతిలో పట్టేంత గాజుతో పని జరిగిపోతుంది.

అయితే ముందు పెట్టినా వెనక పెట్టినా ఒకటేనా? కాదు. మీ అమ్మ జొన్నరొట్టె తట్టేటప్పుడు గమనించండి. అదే పిండిముద్దను రెండింతల వెడల్పున తడితే రొట్టె మందం సగం కాదు, నాలుగో వంతవుతుంది. పొడుగూ రెండింతలు, వెడల్పూ రెండింతలు గనక. వెనక బిగించే కన్వర్టర్ చేసేదిదే. కటకం పట్టిన వెలుగు అంతే. దాన్ని నాలుగింతల చోటులో పరుస్తుంది. బొమ్మ పెద్దదే గాని వెలుగు నాలుగో వంతు. సెకనులో 500వ వంతులో తీయగల ఫొటోకు 125వ వంతు కాలం పడుతుంది. ఆలోగా పిట్ట తల తిప్పిందంటే ముఖం చెదిరిపోతుంది. 1.4 రెట్ల కన్వర్టరయితే వెలుగు సగమే పోతుంది. అందుకే తెలిసినవాళ్ళు దానివైపే మొగ్గుతారు. ముందు బిగించేదో, పెద్ద నోటితో పిండి కూడా ఎక్కువ తెస్తుంది. వెలుగు తగ్గదు.

ఇదంతా విని చిన్న కెమెరాయే గెలిచిందనుకోకండి. దానికీ తిప్పలున్నాయి. జూమ్ పూర్తిగా చేయకుండా గొట్టం బిగిస్తే బొమ్మ చుట్టూ నల్లటి వలయం వస్తుంది, బావిలోంచి చూసినట్టు. మీట నొక్కిన తరవాత అది కాసేపు ఆలోచించుకుని గాని ఫొటో తీయదు. పైగా దాని సెన్సరు వేలిగోరంత. మేనల్లుడి కెమెరా సెన్సరు సుమారు 24 మిల్లీమీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల వెడల్పు, వైశాల్యంలో దాదాపు పది రెట్లు. మసక వెలుతురులో చిన్నదాని బొమ్మలో ఇసక చల్లినట్టు చుక్కలు వస్తాయి.

తెల్లవారుజామున అందరం పొలాల వైపు పోయాం. మబ్బు పట్టి ఉంది. మేనల్లుడు కన్వర్టర్ బిగించి గురి చూశాడు. కెమెరా ఫోకస్ కోసం ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూనే ఉంది. ఎఫ్ 4 కటకం రెండింతల కన్వర్టరుతో ఎఫ్ 8 అవుతుంది. అప్పటి చాలా కెమెరాల్లో ఎఫ్ 5.6 దాటితే ఆటోఫోకస్ సరిగా పనిచేయదు. వాడు విసుక్కుని కన్వర్టర్ తీసేశాడు. తీసేసిన తరవాత చూడాలి వాడి పనితనం! పిట్ట తీగ వదిలి కిందికి దూకిన క్షణాన నాలుగు ఫొటోలు పడ్డాయి. ఒకదాంట్లో రెండు రెక్కలూ పూర్తిగా విప్పుకుని ఉన్నాయి. అలాంటిది మా చిన్న కెమెరాకు జన్మలో చేతకాదు.

కాని పిల్లలు అంతకు ముందు పది రోజులుగా ఆ దారినే తిరుగుతున్నారు. ఏ తీగమీద ఏ వేళకు కూర్చుంటుందో వాళ్ళకు తెలుసు. సైకిలు సీటుమీద జొన్నల సంచి పెట్టి, దానిమీద కెమెరా ఆనించి, చేయి తగలకుండా టైమరుతో మీట నొక్కేవారు. రెండింతలు పెద్దగా చూపే కటకం చేతి వణుకును కూడా రెండింతలు చూపుతుంది మరి. కూర్చున్న పిట్ట బొమ్మ, కంట్లో మెరుపుతో సహా, వాళ్ళకే చిక్కింది. రచ్చకట్ట దగ్గర ఆ రెండు బొమ్మలూ పెట్టాం. నడవలేని ఆ నానమ్మను మనవడు సైకిలు మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఆమె ఫొటోకు దండం పెట్టి, "ఈ తీగ మన చెరుకు తోట కాడిదే గదరా! అక్కడిదాక తీస్కపో," అంది. వాడు తీసుకుపోయాడు.

తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు, పిల్లలకు ఏ కెమెరా కొనాలని. ముందు బిగించే గొట్టాలతో వచ్చిన చిన్న కెమెరాలు ఇప్పుడు కొత్తవి దాదాపు దొరకవు. ఎస్సెల్లార్ల స్థానాన్ని కూడా అద్దం లేని కెమెరాలు ఆక్రమించాయి. చాలా ఇళ్ళలో ఉన్నది ఫోనే. ఫోనుకు తగిలించే బుల్లి కటకాలు అమ్ముతున్నారు. అవీ మా గొట్టం జాతివే. కొనేముందు దుకాణంలోనే దూరంగా ఉన్న బోర్డును ఫొటో తీసి, అంచుల్లో అక్షరాలు చదవండి. మధ్యలో స్పష్టంగా ఉండి అంచుల్లో అలుక్కుపోతే వద్దు. ఫోనులో వేళ్ళతో సాగదీసే డిజిటల్ జూమ్ మాత్రం జూమే కాదు. ఉన్న బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. డబ్బు పెట్టగలిగితే పెద్ద కెమెరా మంచిదే, కాదనను. కాని బడికి కొనేటప్పుడు పిల్లల చేతికి ఇవ్వగలిగినదే కొనమంటాను.

ఈ గాజుల కిటుకు కొత్తదేమీ కాదు. 1608లో హాలండులో హాన్స్ లిప్పర్‌షే అనే కళ్ళద్దాల పనివాడు దూరదర్శినికి హక్కు అడిగాడు. మరుసటి ఏడు గెలీలియో తానే ఒకటి చేసుకుని, 1610 జనవరిలో దానితో గురుగ్రహపు చంద్రులను చూశాడు. అందులో ముందు కుంభాకార కటకం, కంటి దగ్గర పుటాకార కటకం. మా గొట్టంలో ఉన్నవీ ఆ రెండే, కాకపోతే కంటికి బదులు కెమెరా. ఇక వెనక బిగించే రకానికి తాత పీటర్ బార్లో అనే ఆంగ్లేయుడు 1830ల్లో దూరదర్శినికి కలిపిన పుటాకార కటకం.

మీరూ చేసి చూడవచ్చు. మీ తాతయ్య చదువుకునే కళ్ళద్దాలు ప్లస్ 2, మీ అక్కయ్య దూరపు చూపు అద్దాలు మైనస్ 4 అయితే సరిపోతుంది. మైనస్ అద్దాన్ని కంటి దగ్గర, ప్లస్ అద్దాన్ని దానికి 25 సెంటీమీటర్ల ముందు పట్టుకోండి. మిద్దెమీది నుంచి తీగమీది పిట్టను చూడండి, రెండింతలు కనిపిస్తుంది. కాస్త ముందుకూ వెనక్కూ జరిపితే స్పష్టత వస్తుంది. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పకండి, కళ్ళు పోతాయి. చూడటం అయిపోగానే ఎవరి కళ్ళద్దాలు వారికి ఇచ్చేయండి.