అక్షరం నుంచి అంతర్వాహిని దాకా

బాసరలో పలక మీద తొలి అక్షరం... ధర్మపురిలో యముడి గుడి... కాళేశ్వరంలో కంటికి కనిపించని సరస్వతి. పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో గోదావరి ఒడ్డున ఉన్న ఈ మూడు క్షేత్రాలనూ వరసగా చూసినవాళ్లకు, యోగులు చెప్పిన చక్రాల సంగతి సులువుగా బోధపడుతుంది.

బాసర గుడిలో ఏ రోజు చూసినా ఒకటే సందడి. కొత్త పలకలు, బలపాలు, పట్టులంగాలు, నాన్న ఒళ్లో బిక్కమొహం వేసుకు కూర్చున్న బుడతలు. పూజారి ఆ చిట్టిచేతిని పట్టుకుని అక్షరం దిద్దించగానే అమ్మానాన్నల ముఖాలు వెలిగిపోతాయి. ఇక మా వాడికి చదువు వచ్చేసినట్టే అన్నంత సంబరం!

వ్యాసమహర్షి ఇక్కడ తపస్సు చేశాడనీ, రోజూ గోదావరిలో మునిగి మూడు గుప్పిళ్ల ఇసుక తెచ్చి సరస్వతి, లక్ష్మి, కాళి మూర్తులను రూపొందించాడనీ స్థలపురాణం. ఆయన పేరు మీదే ఈ ఊరు వ్యాసర, వాసర, చివరికి బాసర అయిందంటారు. పతంజలి యోగసూత్రాలకు ప్రసిద్ధమైన భాష్యం కూడా వ్యాసుడి పేరు మీదే ఉంది. ఆ సూత్రాల మూడోపాదంలో నాభిచక్రం ప్రస్తావన కనిపిస్తుంది. అయితే, వెన్నెముక వెంబడి ఒకదానిపై ఒకటిగా ఉండే చక్రాల వరసను వివరంగా చెప్పింది మాత్రం ఆ తర్వాత వచ్చిన తంత్ర గ్రంథాలే.

ఒంట్లోనే ఓనమాలు!

చక్రాలకూ బాసర పలకకూ ఓ చక్కటి చుట్టరికం ఉంది. తంత్రశాస్త్రం ప్రకారం ఒక్కో చక్రం ఒక్కో తామరపువ్వు. ఒక్కో రేకు మీద ఒక్కో అక్షరం. వెన్నెముక మొదట్లోని మూలాధారానికి నాలుగు రేకులు... వ, శ, ష, స. ఆ పైన స్వాధిష్ఠానానికి ఆరు... బ నుంచి ల వరకు. బొడ్డు దగ్గరి మణిపూరకానికి పది... డ నుంచి ఫ వరకు. గుండె దగ్గరి అనాహతానికి పన్నెండు... క నుంచి ఠ వరకు. గొంతులోని విశుద్ధానికి పదహారు... అచ్చులన్నీ అక్కడే. కనుబొమల నడుమ ఆజ్ఞకు రెండే... హ, క్ష. అన్నీ కలిపితే సరిగ్గా యాభై. అంటే సంస్కృత వర్ణమాల మొత్తం మన ఒంట్లోనే ఉందన్నమాట! వీటన్నిటికీ పైన, నడినెత్తిన వెయ్యి రేకుల సహస్రారం.

మొదటి ఐదు చక్రాలూ వరసగా భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశాలకు స్థానాలు. ఈ వివరాలున్న ‘షట్చక్రనిరూపణం’ను బెంగాల్‌కు చెందిన పూర్ణానందయతి 1577లో రాశాడు. కలకత్తా హైకోర్టు జడ్జిగా పనిచేసిన సర్ జాన్ ఉడ్రాఫ్, ఆర్థర్ అవలాన్ అనే కలంపేరుతో 1919లో దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాడు. అప్పటినుంచి చక్రాల మాట ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు పోస్టర్లలో కనిపించే ఇంద్రధనుస్సు రంగుల వరస మాత్రం పాతది కాదు. 20వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో చేర్చినది. పూర్ణానందయతి గుండె దగ్గరి పువ్వుకు చెప్పింది ఆకుపచ్చ కాదు... మంకెనపువ్వు ఎరుపు!

ముందు యముడికి దండం

బాసర దాటిన గోదావరి శ్రీరాంసాగర్‌లో కాస్త సేదదీరి, ధర్మపురికి చేరుతుంది. తూర్పుకు పరుగెత్తే నది ఇక్కడ దక్షిణానికి తిరుగుతుంది. అందుకే ఇక్కడి స్నానానికి అంత విశేషం. నరసింహశతకం రాసిన శేషప్ప కవి ఊరిది. ఇక్కడి నరసింహుడు యోగానందుడు. అదే ఆవరణలో యమధర్మరాజుకూ గుడి ఉంది. ‘ధర్మపురికొస్తే యమపురి ఉండదు’ అని ఈ ప్రాంతంలో సామెత.

యముడికీ యోగానికీ ఏమిటి సంబంధం? పేరులోనే ఉంది. ‘యమ’ అంటే అదుపు. పతంజలి చెప్పిన ఎనిమిది మెట్లలో మొట్టమొదటిది యమమే. ఎవరినీ నొప్పించకపోవడం, నిజం చెప్పడం, పరుల సొమ్ముకు ఆశపడకపోవడం, ఇంద్రియాలను అదుపులో ఉంచుకోవడం, అవసరానికి మించి కూడబెట్టకపోవడం. ఆ తర్వాత నియమం, ఆసనం. ప్రాణాయామం నాలుగో మెట్టు. ధ్యానం ఏడోది.

నిద్రపట్టనివాళ్లు, పరీక్షల బెంగతో ఉన్న పిల్లలు, బీపీ మాత్రలతో విసిగిన పెద్దలు... వీళ్లందరికీ ‘వారంలో మీ చక్రాలన్నీ తెరిపిస్తాం’ అన్న ప్రకటన తీయగా వినిపిస్తుంది. వేలకు వేలు ఫీజులు కట్టేవాళ్లూ ఉన్నారు. చక్రం తెరుచుకుందిలే అని మాత్రలు మానేస్తేనే అసలు ముప్పు. శరీరాన్ని కోసి చూసినా, స్కానింగ్ చేసినా చక్రాలు కనిపించవు. అవి ధ్యానంలో మనసును నిలపడానికి యోగులు గీసుకున్న పటం. పటం దారి చూపుతుంది. మందుసీసా పని చెయ్యదు.

రెండు ఊపిరులు... ఒక సంగమం

ధర్మపురి నుంచి గోదావరి వెంట ఇంకా దిగువకు వెళితే కాళేశ్వరం. వార్ధా, వైన్‌గంగ కలిసిన ప్రాణహిత ఉత్తరం నుంచి వచ్చి ఇక్కడ గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచ. మూడో నది సరస్వతి అంతర్వాహినిగా ప్రవహిస్తోందని భక్తుల నమ్మకం. 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతీ పుష్కరాలు జరిగింది ఇక్కడే.

యోగశాస్త్రంలోనూ అచ్చం ఇలాంటి త్రివేణి ఉంది. వెన్నెముకకు ఎడమవైపు ఇడ... అది గంగ. కుడివైపు పింగళ... అది యమున. నడుమ సుషుమ్న... అది కనిపించని సరస్వతి. మూడూ ఆజ్ఞాచక్రం దగ్గర కలుస్తాయంటారు. ఎడమ ముక్కుతో, కుడి ముక్కుతో మార్చిమార్చి ఊపిరి పీల్చే నాడీశోధన ప్రాణాయామం ఈ భావన నుంచి పుట్టిందే.

కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తీశ్వరుడు, అంటే శివుడు. ముక్తీశ్వర లింగానికి రెండు రంధ్రాలున్నాయి. వాటిని నాసికారంధ్రాలంటారు. అందులో పోసిన నీరు సంగమంలో కలుస్తుందని చెబుతారు. ముందు యముడిని పూజించాకే ముక్తీశ్వరుడిని పూజించాలి. ఆ వరస తప్పితే ఫలం దక్కదట! మొదట అదుపు, ఆ తర్వాతే ముక్తి... ధర్మపురిలో విన్న పాఠమే ఇది.

ఇంట్లోనూ చేసుకోవచ్చు!

పొద్దున్నే ఖాళీ కడుపుతో, వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి. కుడి ముక్కు మూసి ఎడమతో మెల్లగా పీల్చి, కుడితో వదలాలి. మళ్లీ కుడితో పీల్చి ఎడమతో వదలాలి. ఐదు నిమిషాలు చాలు. తర్వాత కళ్లు మూసుకుని మూలాధారం నుంచి నడినెత్తి దాకా ఒక్కో చోట కాసేపు మనసు నిలపాలి. ఊపిరి నెమ్మదిస్తే గుండె వేగం తగ్గుతుందనీ, ఒత్తిడి సడలుతుందనీ వైద్యులూ చెబుతున్నారు. బీపీ, గుండెజబ్బులున్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టకూడదు. డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. మందులు మానకూడదు.

బాసరలో పలక పట్టిన పసివాడికి ఆ రోజే చదువు రాదు. రోజూ దిద్దితేనే వస్తుంది. ఊపిరీ అంతే. ఆ మాట గుర్తుచేయడానికే కాబోలు, కాళేశ్వరంలో కలిసే నదికి పెద్దలు ఎంత ముచ్చటైన పేరు పెట్టారో... ప్రాణహిత!

ఎలా వెళ్లాలి?

బాసర ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. రైల్వేస్టేషన్ ఉంది. నిజామాబాద్ నుంచి బస్సులూ ఉంటాయి. ధర్మపురి జగిత్యాల జిల్లాలో, జగిత్యాల పట్టణానికి సుమారు 30 కిలోమీటర్లు. కాళేశ్వరం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, కరీంనగర్‌కు సుమారు 130 కిలోమీటర్లు.